మంచు మీద పలక

'నీ ఇష్టం' అన్న మాటలో ఉన్న ఇష్టం ఎవరిది?

ఈ ప్రశ్న ఆదినారాయణప్పకు తన ఊరు చింతామణిలో తోచలేదు. అక్కడ ఆయనకు ఆలోచించే తీరిక లేక కాదు. విత్తనాల అంగట్లో రైతులు రాని మధ్యాహ్నపు వేళ, గల్లా పక్కన వేదాంత గ్రంథం తెరిచి పెట్టుకోవడం ఆయనకు ముప్పై ఏళ్ళ అలవాటు. కర్త ఎవరు, భోక్త ఎవరు, చూస్తూ ఊరుకునే సాక్షి ఎవరు అని ఉన్న చోటల్లా పెన్సిలుతో గీత గీసేవాడు. ఇంట్లో ఇరవై నాలుగేళ్ళుగా వినబడుతున్న రెండు మాటల కింద మాత్రం ఏనాడూ గీత గీయలేదు. అందుకు ఆయన ఆల్ప్స్ కొండల్లో, పేరు పలకడానికి నోరు తిరగని ఒక చిన్న పల్లెలో, మంచు మీద వెల్లకిలా పడి ఆకాశం చూడవలసి వచ్చింది.

అంతదూరం ఎలా వెళ్ళాడంటే, చెరువుల పుణ్యమే. పన్నెండేళ్ళ కరువు తరువాత రెండు వేల ఐదులో వానలు కురిశాయి. ఎండిన చెరువులు అలుగు పారాయి. ఆ ఏడు టమోటా విత్తనం ఎంత తెప్పించినా చాలలేదు. ఎక్కువ అమ్మిన అంగళ్ళవాళ్ళను భార్యాసమేతంగా వారం రోజులు స్విట్జర్లాండుకు తీసుకుపోతామని విత్తనాల కంపెనీ ప్రకటించింది. చింతామణి నుంచి ఆదినారాయణప్ప, యశోదమ్మ. బాగేపల్లి నుంచి వెంకటరాయప్ప, ఆయన భార్య కెంపమ్మ. వీళ్ళకు దారి చూపించడానికి, మాట తర్జుమా చేయడానికి చిక్కబళ్ళాపురానికి చెందిన కంపెనీ అధికారి అమరేష్. జనవరి నెల మూడో వారంలో, నాలుగు డబ్బాల చట్నీపొడితో, బెంగళూరులో చదివే కూతురు రక్షిత కొనిచ్చిన స్వెట్టర్లతో వాళ్ళు విమానం ఎక్కారు.

బయలుదేరే ముందు ఆదినారాయణప్ప ఒక పని ముగించి వచ్చాడు. యశోదమ్మ తండ్రి కృష్ణప్ప, మగబిడ్డలు లేని మనిషి, దిబ్బూరహళ్ళి చెరువు కింద ఎకరం పావు మడి కూతురి పేర రాసిపోయాడు. చెరువు ఎండిన పన్నెండేళ్ళూ అది బీడుగానే ఉంది. ఆ ఊళ్ళోనే ఉండే లక్ష్మణప్ప గట్లు తెగకుండా చూసుకునేవాడు, అంతే. ఇప్పుడు దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం కడుతున్నారని చుట్టుపక్కల నేలకు రెక్కలొచ్చాయి. మునికృష్ణప్ప అనే దళారి వచ్చి ఆ మడిని అడిగాడు. ఆదినారాయణప్ప ఆ రాత్రి భోజనం చేస్తూ భార్యను అడిగాడు.

"మునికృష్ణప్ప మడి అడుగుతాండాడు. ఇచ్చేస్తామా?"

యశోదమ్మ చారు వడ్డిస్తూ అంది: "నీ ఇష్టం."

మరునాడు ఆయన మాట ఇచ్చాడు. ఊరు చేరిన తరువాతి సోమవారం శిడ్లఘట్టలో రిజిస్ట్రేషన్. భార్యను అడిగి మరీ చేశానని ఆయనకు లోలోపల కొంచెం గర్వంగానే ఉంది. అడిగేవాళ్ళెంతమంది?

పల్లెలో మొదటిరోజు అందరినీ ఊరి చివరనున్న చిన్న మంచుదిబ్బ దగ్గరికి తీసుకుపోయారు. నేర్పించడానికి మార్తా అనే ఆవిడ వచ్చింది. అరవై దాటిన మనిషి. ఎండకూ చలికీ కమిలిన ఆమె ముఖం, టోపీ తీసి చెంగు కప్పితే, కలుపు తీసి ఇంటికి పోతున్న మన ఊరి ఆడమనిషి ముఖమే. ఆమె మనిషికొక స్నోబోర్డు, నిలబడి మంచు మీద జారే పలక, ఇచ్చింది. కెంపమ్మ మాత్రం హోటలు గదిలో హీటరును వదిలి రానని మొండికేసి మిగిలిపోయింది.

యశోదమ్మ ఆ బోర్డును తిరగేసి, మరగేసి చూసింది. "ఇదేమప్పా, మడిపలకకు రంగేసినట్లుండాది!"

ఆమె ఆ రోజు జీవితంలో మొదటిసారి ప్యాంటు వేసుకుంది. వెంకటరాయప్ప ఊరుకోలేదు. "ఏమమ్మా, బెంగళూరు ఆఫీసరమ్మ మాదిరి ఉండావే!"

"నువ్వు స్వెట్టరు మీద స్వెట్టరేసుకుని రాగుల మూట మాదిరి ఉండావు. నేనేమన్నా అంటినా?"

మూట అన్నందుకో ఏమో, వెంకటరాయప్ప లేచి నిలబడగానే మూటలాగే దొర్లాడు. ఆదినారాయణప్ప ఆయన్ని చూసి నవ్వబోయి తానూ పడ్డాడు. లేచాడు, పడ్డాడు. కాళ్ళు రెండూ ఒకే పలకకు బిగించి ఉంటే, మనిషికి తన కాళ్ళ మీద ఉన్న అధికారం ఎంత స్వల్పమో ఆయనకు బోధపడింది. ఆరోసారి లేవకుండా అలాగే పడుకుని, "భూమి అంతా ఒకటేనంటారు గాని, ఈ భూమి మనల్ని ఒప్పుకునేటట్ల లేదప్పా," అన్నాడు.

మార్తా ఏదో చెప్పింది. అమరేష్ తర్జుమా చేశాడు. "పలకను వాలుకు అడ్డంగా పెట్టల్లంట. మోకాళ్ళు కొంచెం వంచి, మడమల మీద బరువు పెట్టల్లంట."

"అది నాకి తెలుసు," అంది యశోదమ్మ.

అందరూ అటు తిరిగారు. ఆమె పలకను అడ్డంగా నిలిపి, మోకాళ్ళు వంచి, ముందున్నది వాలు కాదు, కాడి కట్టిన ఎద్దులన్నట్టు రెండు చేతులూ చాచి నిలబడి ఉంది. పలక మెల్లగా, అడ్డంగానే, నాలుగడుగులు జారింది. ఆమె మునివేళ్ళు పైకెత్తి మడమలు నొక్కింది. పలక ఆగింది. ఆగమన్నట్టు ఆమె "హో... హో..." అంది. అన్న తరువాత తానే సిగ్గుపడింది.

"యాడ నేర్చుకుంటివి?" ఆదినారాయణప్ప మంచులోనుంచి అడిగాడు.

"మా నాయనకు మగపిల్లోళ్ళు లేరు గదా. పన్నెండేండ్లదాన్ని, దమ్ము చేసినాక మడి చదును చేసేటప్పుడు పలక మీద బరువుకు నన్ను నిలబెట్టేవాడు. మట్టి గుంజల్లంటే ముందుకు వంగల్ల, వదలల్లంటే మడమల మీదికి రావల్ల. లేకుంటే మూతి బురదలోనే."

"ఇన్నేండ్లు ఒక్కసారి కూడా చెప్పలేదే!"

"పెండ్లికి ముందరే మా అమ్మ నా నోరు కట్టేసె. ఆడపిల్ల ఎద్దుల ఎనక నిలబడిందంటే మీ ఇంట్లో ఏమంటారో అని." ఆమె పలక మీదనుంచి ఆయన్ని చూసి నవ్వింది. "ఇంక లేయప్పా, ఈపు తడుస్తుంది."

ఆయన లేచాడు. ఇరవై నాలుగేళ్ళు తనతో ఉన్న మనిషి పన్నెండేళ్ళ పిల్లగా బురదమడిలో ఎద్దుల తోకలు పట్టుకుని నిలబడిన దృశ్యం ఆయనకు ఊహించడానికి కూడా రాలేదు. ఎంత ప్రయత్నించినా ఆ పిల్లకు ముఖం కుదరలేదు.

మరునాడు ఉదయం మార్తా వాళ్ళను అసలైన వాలు అడుగుకు తీసుకుపోయింది. తాడుకు వేలాడే కుర్చీలు మనుషుల్ని కూర్చోబెట్టుకుని పైకి పోతున్నాయి. ఆదినారాయణప్పకు నడుము పట్టేసింది. వెంకటరాయప్ప తనకు చిన్న దిబ్బే కైలాసమన్నాడు. మార్తా యశోదమ్మ ముందు నిలబడి ఏదో అడిగింది.

"అక్కా, నాతో పైకి వస్తావా అని అడుగుతాండాది," అన్నాడు అమరేష్.

యశోదమ్మ భర్త వంక చూసింది. తరువాత కుర్చీల వంక చూసింది. "నీ ఇష్టం అని చెప్పప్పా ఆయమ్మకు."

అమరేష్ చెప్పాడు. మార్తా తల అడ్డంగా ఊపి చాలాసేపే మాట్లాడింది. అమరేష్ గొంతు సవరించుకున్నాడు. "దిగేది నీ కాళ్ళతో గదా, దాంట్లో నా ఇష్టం యాడుండాది అంటాండాది. ఆయమ్మ ఇష్టమూ కుదరదంట, అన్న ఇష్టమూ కుదరదంట. ఔను, కాదు, రెండిట్లో ఒకటి నీ నోటితోనే రావల్లంట. లేకుంటే కొండమీదికి తీసుకుపోయేది లేదంట."

"ఆమెకు వద్దులే అమరేష్, ఈ వయసులో..." అంటూ ఆదినారాయణప్ప ముందుకు వచ్చాడు.

మార్తా ఆయన వైపు చూడనైనా లేదు. చింతామణి బస్టాండులో పోలీసు లారీని ఆపినట్టు అరచేయి ఎత్తింది. ఆయన ఆగిపోయాడు.

కుర్చీలు ఒకటొకటే ఖాళీగా తిరిగి పోతున్నాయి. యశోదమ్మ చేతి తొడుగులు తీసింది, మళ్ళీ తొడుక్కుంది. ఒక్క మాట పలకడానికి మనిషి ఇంత కష్టపడటం ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆమె పక్కన నిలబడి ఆ మాటను తానే అందిద్దామని ఆయనకు నోటిదాకా వచ్చింది. తానిన్నాళ్ళూ చేసిన పని అదేనని అప్పుడు స్ఫురించి, ఊరుకున్నాడు.

"ఎక్కల్లని ఉండాది," అంది యశోదమ్మ మెల్లగా. ఆ తరువాత, చెవిటివాళ్ళకు చెప్పినట్టు గట్టిగా: "నాకి ఎక్కల్లని ఉండాది."

ఆ మాటకు తర్జుమా అవసరం రాలేదు. మార్తా ఆమె మోచేయి పట్టుకుని కుర్చీ వైపు నడిపించింది.

ఆదినారాయణప్ప అడుగున ఉన్న చెక్కబల్ల మీద కూర్చున్నాడు. 'నాకి' అన్న మాట ఆయన్ని వదలలేదు. ఆ మాటతో మొదలైన భార్య మాటలను ఆయన గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాడు. నాకి చాలు. నాకి వద్దు. నాకి ఆకలి లేదు. నాకి ఏమీ కాలేదు. ఇవి కావలసినన్ని దొరికాయి. నాకి కావాలి అన్నది ఎంత వెతికినా దొరకలేదు. లేదు, ఒకటి ఉంది, కాకపోతే వేరే బట్ట కట్టుకుని వచ్చింది. కార్తీకమాసంలో ఒకనాడు ఆమె అంగడికి కాఫీ తెచ్చి అంది: "దిబ్బూరహళ్ళి చెరువుకు నీళ్ళొచ్చినాయంట. ఒకసారి చూసొస్తామా?" సీజను ముగియనీ అన్నాడు తాను. సీజను ముగిసింది. మునికృష్ణప్ప వచ్చాడు. చెరువు చూడటానికి ఎవరూ పోలేదు.

'ఇచ్చేస్తామా?' అని తాను అడిగాడు, నిజమే. ఆ ప్రశ్నలో జవాబు ముందే కూర్చుని ఉంది. ఆమెకు కూర్చోవడానికి చోటు లేదు. 'నీ ఇష్టం' అంటే ఒప్పుకోవడం కాదు. చోటు లేక నిలబడే ఉన్నానని చెప్పడం. అందులో ఇష్టం తనదే. తన గొంతే తన చెవికి తిరిగి వస్తే, దాన్ని భార్య అంగీకారమని ఇన్నేళ్ళు లెక్కించుకున్నాడు.

పైన తెల్లటి వాలు మీద రెండు చిన్న చుక్కలు కనబడ్డాయి. వాటిలో ఒకటి పలకను అడ్డంగా పెట్టుకుని, మెల్లగా, తొందర లేకుండా కిందికి వస్తోంది. పడింది. లేచింది. మళ్ళీ వస్తోంది. మిగిలినవాళ్ళు ఆ చుట్టుపక్కల పాములా మెలికలు తిరుగుతూ సన్నటి గీతలు గీసి పోతున్నారు. ఆమె వెనకాల మాత్రం గీత లేదు. పలక పొడవంత వెడల్పున ఒక బాట, మిట్టపల్లాలు లేకుండా, చేత్తో అద్దినట్టు చదునై దిగి వస్తోంది. వేలమంది రైతులకు విత్తనం అమ్మిన ఆదినారాయణప్పకు అదేమిటో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. అది నాటుకు సిద్ధమైన మడి.

ఇప్పుడు ఆ పన్నెండేళ్ళ పిల్లకు ముఖం కుదిరింది. చలికి ఎర్రబడి, నోరు తెరిచి నవ్వుతూ, నేరుగా ఆయన వైపే వస్తోంది.

"రెండుసార్లే పడితి!" అంది దగ్గరికి వచ్చి, రొప్పుతూ. "చూస్తివా?"

"చూస్తి," అన్నాడాయన. వంగి ఆమె కాళ్ళకున్న పట్టీలు విప్పాడు.

"లేయప్పా, అందరూ చూస్తాండారు!"

"చూడనీ."

మధ్యాహ్నం మూడింటికి హోటలు కిటికీ పక్కన టీ తాగుతూ కూర్చున్నారు. ఆమె జేబులోంచి చిన్న పొట్లం తీసి, ఆ దేశపు రొట్టె మీద చట్నీపొడి చల్లి ఆయనకిచ్చింది.

"యశోదా, ఆ మడి సంగతి..."

"ఇప్పుడేమిటికి? సోమవారం పోతాం గదా సంతకానికి."

"అమ్మల్లనా, వద్దా?"

"నీ ఇష్..."

ఆయన మార్తాలాగా అరచేయి ఎత్తాడు. ఆమె ఆగింది. ఆ చేతిని చూసింది. పకపకా నవ్వింది, నవ్వితే టీ సాసరులోకి ఒలికింది. ఆయనా నవ్వాడు. చెయ్యి మాత్రం దించలేదు. కాసేపటికి ఆమె నవ్వు దానంతటదే సన్నగిల్లింది.

"మాట ఇచ్చినావు గదప్పా," అంది.

"మాట నాది. మడి నీది. నేనడుగుతాండేది దాని గురించి."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. తరువాత మాట్లాడినప్పుడు తడుముకోలేదు. ఎన్నో రోజులుగా లోపల చెప్పుకుంటూ ఉన్న మాటల్లా వచ్చాయి.

"బీడుగా ఉండేటప్పుడు అడిగింటే నేనే సంతకం పెట్టిందును. ఈ ఏడు నీళ్ళుండాయి. నీళ్ళుండేటప్పుడు అమ్మేది, వడ్డించిన విస్తరి ముందర నుంచి మనిషిని లేపినట్ల ఉండాది నాకి. ఒక్క పైరు పెట్టల్ల. ఒక్కటే. ఆ మీద అమ్మేదో ఉంచేదో చూస్తాం. ఈ వారంలో నారు పోయకుంటే వేసవి పైరుకు అదను తప్పుతుంది. విత్తనాలమ్మేవాడివి, నీకి తెలీదా?"

తెలుసు. వచ్చిన ప్రతి రైతుకూ ఆ తేదీలు తానే చెబుతాడు. ఆమె తన పక్కనే ఉంటూ ఆ తేదీలను ఒక్కొక్కటిగా లెక్కపెడుతోందని మాత్రం తెలియలేదు.

"పలక మీద ఎవరు నిలబడతారు?"

"నేనే."

"నలభై ఆరేండ్లు నీకి."

"ఆ మార్తాకు అరవై రెండంట."

ఆయన కప్పు కింద పెట్టాడు. చింతామణి మార్కెట్టులో ఆదినారాయణప్ప మాట తప్పాడని అనిపించుకున్న రోజు లేదు. ఇంకొకరి ఇష్టాన్ని తనదనుకుని ఇచ్చిన మాట మాటే కాదని వాదించుకోవడానికి ఆయన చదివిన పుస్తకాల్లో దారి దొరుకుతుంది. ఆ దారి ఆయనకు అక్కరలేదనిపించింది. మాట తప్పడం తప్పే. ఆ తప్పు తాను మోయగలడు. ఇన్నాళ్ళూ ఆమె మోసినది దీనికంటే బరువు.

లేచి హోటలు గుమ్మం దగ్గరి ఫోను వైపు నడిచాడు. యశోదమ్మ కంగారుగా వెంట వచ్చింది. చింతామణిలో అప్పుడు రాత్రి ఏడున్నర. మునికృష్ణప్ప వెంటనే దొరికాడు.

"ఏమప్పా, మంచులో గడ్డ కట్టినావనుకుంటి! ఎట్లుండాది దేశం?"

"బాగుండాది. మునికృష్ణప్పా, సోమవారం రిజిస్ట్రేషన్ వద్దు. ఇంట్లో ఒప్పుకోలేదు."

అవతల నుంచి పెద్ద నవ్వు వినబడింది. "అట్ల చెప్పు! ఇంకొంచెం ఎక్కించల్లని. దేశం దాటినా నీకి వ్యాపారమే!"

ఆదినారాయణప్ప కళ్ళు మూసుకున్నాడు. 'ఇంట్లో ఒప్పుకోలేదు.' బేరం పెంచాలనుకున్న ప్రతివాడూ వాడే మాట. తానే ఎన్నిసార్లు వాడలేదు, ఇంట్లో ఆ సంగతే తెలియకుండా! ఇవాళ మొట్టమొదటిసారి అది నిజమైంది. నిజమైన రోజున నమ్మేవాడు లేడు.

"ఎక్కించేది వద్దు, దించేది వద్దు. నిజంగానే ఒప్పుకోలేదప్పా."

"అందరూ నిజంగానే అంటారు లేప్పా. చెప్పు, ఎంత?"

ఆయన రిసీవరు భార్యకు చాచాడు. "నువ్వే చెప్పు."

యశోదమ్మ చెయ్యి, అలవాటున, లేని కొంగుకు తుడుచుకోబోయి ప్యాంటుకు తుడుచుకుంది. రిసీవరు అందుకుంది.

"అన్నా, యశోదను మాట్లాడతాండా. ఆ మడి నేను అమ్మను." అవతల ఏదో అన్నారు. "ఆయన కాదన్నా, నేనే. ఊఁ, నేనే. మాట ఇచ్చి తప్పితిమి, తప్పు మాదే. ఊరికొచ్చినాక మీ ఇంటికొచ్చి ముఖం చూసి చెప్తాం. వదిన బాగుండాదా? సరే అన్నా."

ఫోను పెట్టేసి ఒక్క నిమిషం గోడకు ఆనుకుని నిలబడింది. ఆ తరువాత, "దిబ్బూరహళ్ళి లక్ష్మణన్న నంబరు చెప్పు," అంది.

ఆదినారాయణప్ప కళ్ళద్దాలు పెట్టుకుని, జేబులోని చిన్న పుస్తకం తీసి, ఒక్కొక్క అంకే చదివాడు. ఆమె ఒక్కొక్క అంకే నొక్కింది.

"లక్ష్మణన్నా, నేను యశోద. యాడినుంచా? అది వచ్చినాక చెప్తా. రేపు పొద్దున్నే చింతామణికి పోయి మా అంగట్లో వడ్ల విత్తనం తీసుకో. మా మరిది నాగేశ్ ఉంటాడు. తెచ్చి మాపటికి నానబెట్టు. ఊఁ, మన మడికే! ఏ రకమా? ఉండు." రిసీవరుకు అరచేయి అడ్డం పెట్టి భర్త వంక చూసింది. "ఏ రకమని అడుగుతాండాడు."

ఆయన నోటి దగ్గరికి నాలుగు పేర్లు వచ్చాయి. నాలుగింటినీ మింగాడు.

"నీ ఇష్టం," అన్నాడు.

ఆమె ఆయన్ని ఒక్క క్షణం పరీక్షగా చూసింది. చేయి తీసి ఫోనులోకి చెప్పింది:

"సన్నవడ్లు వద్దన్నా, కోతకు ఆలస్యమవుతుంది, జూన్ దాకా నీళ్ళు సాగవు. తొందరగా కోతకొచ్చే ఐఆర్ అరవై నాలుగు తీసుకో. రేపే."